మూడుకాళ్ళ జోడు, నీళ్ళు లేని బావి

మా ఇంటి వెనక బావిని ఊర్లో అందరూ ట్రాన్సిస్టర్ బావి అంటారు. ఎవరిదో రేడియో అందులో పడిపోయిందనుకుంటారు ఇప్పటి పిల్లోళ్ళు. రేడియో కాదు నాయనా. అప్పట్లో మేమూ రేడియో పెట్టెనే ట్రాన్సిస్టర్ అంటాంటిమి. అసలు ట్రాన్సిస్టర్ అంటే ఆ పెట్టె లోపలుండే మూడుకాళ్ళ పురుగు. చింతగింజలో సగం కూడా ఉండదు. ఆ పురుగులకు జోడు కుదరక మా ఇంట్లో ఒక మనిషి పాణం పోయే కాడికి వచ్చింది. ఆ మనిషి మాయత్త నల్లమ్మ.

మాయత్త సంగతి ముందు చెప్పాల. నేను ధర్మవరం మగ్గాల ఇంట్లో పుట్టి, నల్లమాడ పక్కన ఈ ఊరికి కోడలుగా వచ్చిన పొద్దు నుంచి, నా వంటలో ఆమెకు ఉప్పు సరిపోయిన దినం లేదు. అయితే తక్కువ, లేకుంటే ఎక్కువ. ఎప్పుడో ఒకసారి సరిపోతే, "ఈ పొద్దు ఎవురు చేసినారే వంట?" అంటాండె. నోరు అట్లాంటిది. చెయ్యి మాత్రం తల్లి చెయ్యి. నాకు కాన్పయి జొరమొస్తే, నన్ను వొళ్ళో పడుకోబెట్టుకుని అంబలి తాపిన చెయ్యి అది.

ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దోడు సుబ్బన్న, నాకు బావ. పెండ్లి చేసుకోలేదు, నాటకాలే పెండ్లాము. రాజు వేషం కట్టి పద్యం ఎత్తుకుంటే, పక్కూర్లో పండుకున్నోళ్ళు లేచి కూర్చుంటాండ్రి. చిన్నోడు ఆదెప్ప, నా మొగుడు. ఆయప్పది మైకుసెట్టు. పెండ్లిండ్లకు, జాతర్లకు బాకాలు కట్టి రికార్డులు వేసేవాడు. "పెద్దోడు గొంతుతో బతుకుతాడు, చిన్నోడు బాకాతో బతుకుతాడు, వీళ్ళిద్దరి అరుపుల నడమ చెవుడు రాకుండా నేను బతుకుతాండా" అని మాయత్త నవ్వేది.

ఎనభైనాలుగులో వానలు మొగం చాటేసినాయి. సెనక్కాయ చేలు బెత్తెడు లేచి మాడిపోయినాయి. ఆ మరుసటి ఎండాకాలంలో బావ మడకశిర పక్క జాతరలో ఆడేదానికి పోయినాడు. ఆట అయినంక బస్సు దొరక్క, ఎండన పడి నడిచి వస్తా, దోవలో తంగేడు చెట్ల కాడ పడిపోయినాడు. గొర్రెలోళ్ళు చూసే తలికే అంతా అయిపోయింది. శవాన్ని తెచ్చినోళ్ళలో ఒకాయన, పాపం తెలీక, "నోరు పిడచగట్టుకోని ఉండె అవ్వా" అనేసినాడు. అనగూడని మాట. ఆ మాట మాయత్త గుండెలో తుమ్మముల్లు మాదిరి ఇరిగి ఉండిపోయింది. "నా బిడ్డ నోట్లో గుక్కెడు నీళ్ళు పోసే దిక్కు లేకపోయనే" అని ఒకటే ఏడుపు.

బావ గొంతు ఒక్క చోట మిగిలింది. అంతకు ముందెప్పుడో నాటకాల జట్టు మద్రాసుకు పోయినప్పుడు, ఆడ ఒకాయన చిన్న గదిలో మిషను పెట్టుకోని, లక్క పూసిన రేకు మీద బావ పాడిన పద్యాన్ని గాడిగా గీసి రికార్డు చేసిచ్చినాడు. అంగట్లో అమ్మే రికార్డు మాదిరి అచ్చేసింది కాదు. లోకానికంతా అదొక్కటే.

బావ పోయినంక మాయత్త పొద్దున్నే లేచి, "ఆదీ, వాణ్ణి పెట్టు" అనేది. రికార్డు పెట్టు అనదు. వాణ్ణి పెట్టు. మా ఆయన పెట్టేవాడు. మైకుసెట్టు మిషనులో రికార్డు మీద ఆనే చెయ్యి బరువు, దాని ముల్లు మొద్దు. లక్క ఏమో మెత్తన. పెట్టిన ప్రతిసారీ ఆ ముల్లు మడక మాదిరి దున్నుకుంటా పోతాందని మాకెవురికి తెలుసు? దినదినానికి గరగర ఎక్కువైంది. గొంతు లోపలికి, ఇంకా లోపలికి పోయింది. కడాకు ఒక పొద్దు గరగర తప్ప ఏమీ రాలేదు.

మాయత్త రవ్వంతసేపు వినింది. "వాడు రెండోసారి పోయినాడు" అనింది. ముందరున్న సంగటి గిన్నె పక్కకు జరిపింది.

ఆ పొద్దు నుంచి తినలేదు నాయనా. మజ్జిగ నీళ్ళు రెండు గుక్కలు, అంతే. దబ్బనం మాదిరి అయిపోయింది మనిషి. కదిరి నుంచి డాక్టరును పిలుచుకోనొస్తే, సూది వేసి, "ఆకలి కాకపోతే మందుండాది. తినను అనేదానికి నా తావ మందు లేదమ్మా. ఇట్లనే ఉంటే నెల నిలబడదు" అని చెప్పి పోయినాడు.

నేను కాళ్ళు పట్టుకున్నా. "అత్తా, ఒక్క ముద్ద. ఊరుబిండి పచ్చడి నూరినా, నీకిష్టమని."

"వాని గొంతు వినిపియ్యండి. తింటా."

"గొంతు యాడుండాది అత్తా, అరిగిపోయ కదా."

"అయితే సంగటి కూడా అరిగిపోయిందనుకో" అని గోడ పక్కకు తిరుక్కుంది.

మా ఆయన ఇది వింటా గడప మీద కూర్చోని ఉండె. "నా మిషనే నమిలేసింది వాణ్ణి. ఇప్పుడు అమ్మను కూడా మింగుతాది" అన్నాడు. రేకును గుడ్డలో చుట్టుకోని, కదిరిలో రేడియోలు బాగుచేసే కుళ్ళాయప్పన్న తావకు పోయినాడు. నేనూ వెంట పోయినా. ఆయప్పను ఒక్కణ్ణే పంపేదానికి నాకు దైర్యం చాల్లేదు, ఆ మొగం అట్లుండె.

కుళ్ళాయప్పన్న రేకును ఎండకు అడ్డం పట్టి, భూతద్దంతో శానాసేపు చూసినాడు.

"ఆదెప్పా, అంతా పోలేదప్పా. పైన పైన నీ మొద్దు ముల్లు దున్నేసింది. గాడి అడుగున ఇంకా దున్నని నేల ఉండాది. దాన్ని అందుకోవాలంటే సన్నముల్లు, తేలిక చెయ్యి కావాల. బెంగళూరులో పాతసామాన్ల అంగట్లో దొరుకుతాది."

"తెస్తా. అంతేనా?"

"అంతే అయితే నేనెందుకు? ఆ సన్నముల్లు గొంతు చీమ గొంతు. దాన్ని ముందు ఒకరు పెద్దది చేసి నీ మైకు డబ్బాకు అందియ్యాల. ప్రీయాంపు అంటారు. కొనేదానికి దొరకదు, చేసుకోవాల్సిందే. గాడికి రెండు గోడలుంటాయి. సన్నముల్లు రెండింటినీ వేరువేరుగా చదువుతాది. సుబ్బన్న గొంతు రెండు గోడల్లోనూ ఒకటే మాదిరి ఉంటాది. గరగర మటుకు దీంట్లో ఎగదన్నితే దాంట్లో దిగదన్నుతాది. రెండింటినీ సరిసమానంగా పెంచి కలిపినావనుకో, గరగరా గరగరా కొట్టుకోని శానా మటుకు చస్తాది. గొంతు మిగుల్తాది. సమానం తప్పితే అంతా గరగరే."

నేను గమ్మునుండలేక అడిగినా: "అంటే కాడెద్దుల మాదిరా అన్నా? ఒకటి ముందు లాగితే సాలు వంకర పోతాదే, అట్లనా?"

"అట్లనే చెల్లెలా. ఒక్కో గోడకు ఒక ట్రాన్సిస్టరు. రెండూ ఈడూ జోడూ కుదరాల. ఇంకొక్క మాట." ఆయప్ప రేకును మళ్ళీ గుడ్డలో చుట్టి మా ఆయన చేతిలో పెట్టినాడు. "ఈ లక్క ఇంక ఒక్క తిప్పు తట్టుకుంటాది. రెండోదానికి నేను మాటియ్యను. పరీక్షలు వేరే రికార్డు మీద చేసుకో."

బెంగళూరు పోయి మా ఆయన సన్నముల్లు చెయ్యి, పిడికెడు ట్రాన్సిస్టర్లు తెచ్చినాడు. కుళ్ళాయప్పన్న గీసిచ్చిన బొమ్మ ప్రకారం ఒక చెక్కకు మూడు క్లిప్పులు కొట్టి, బ్యాటరీ సెల్లు, మీటరు తగిలిచ్చినాడు. కొలిచే పని చెప్తా విను, కష్టమేం కాదు. పురుగు నడిమి కాలికి చిటికెడు కరెంటు ఇస్తారు. ఆ చిటికెడుకు ఇంకో కాల్లో ఎంత దొర్లుతాదో మీటరు ముల్లు చూపిస్తాది. కొన్ని చేరెడు ఇస్తాయి, కొన్ని దోసెడు, కొన్ని గంపెడు. ఒకే సంచిలో ఇత్తనాలే, ఒక్కోటి ఒక్కో పంట. చిటికెడుకు ఒకటే మాదిరి పంటనిచ్చే రెండింటిని ఏరాల. అంతే పని.

అన్నీ నల్లగానే ఉండాయి, ఏది ఏదని గుర్తు పెట్టుకునేది? ఈ ఇంట్లో నేను నేసే మగ్గం కింద తెగిన పట్టుపోగులు నా తావ ఉండె. దోసెడు ఇచ్చిన దానికి ఎర్ర పోగు, చేరెడు ఇచ్చిన దానికి పసుప్పోగు, గంపెడు దానికి పచ్చ పోగు కాలికి ముడేస్తా కూర్చుంటి. ఆయప్ప చెప్పేది, నేను ముడేసేది. ఒకటే రంగులో దగ్గర దగ్గర ఉన్న రెండింటిని ఏరి, ప్రీయాంపు డబ్బాలో అతికి, పెండ్లి పాటల రికార్డు పెట్టి చూసినాడు. రెండో మాట లేదు, ఒక పక్క ఎద్దు, ఒక పక్క దూడ. పీకినాడు. మళ్ళీ కొలిచినాడు. ఇంతకు ముందు సమానమని చెప్పిన మీటరు ఇప్పుడు కాదంటాది. మళ్ళీ ఇంకో జత. అదీ అంతే. పొద్దున ఎర్రది మద్యానానికి పచ్చదైతాది. ముల్లు చూస్తాంటేనే నిమ్మళంగా పైకి పాకతాది.

"ఈ మీటరుకు పిచ్చి పట్టిందా, నాకు పట్టిందా?"

"ఇద్దరికీ పట్టలేదులే. నీళ్ళు తాగు" అంటి.

"అమ్మ తినిందా?"

 లోపల మాయత్త మూలుగు కూడా సన్నబడిపోయింది. బండల మిద్దె, మే నెల ఎండ, గోడ ముట్టుకుంటే కాలతాది. చెమట ఆయప్ప ముక్కు మీద నుంచి చెక్క మీద పడతాది, తుడుస్తాడు, మళ్ళీ కొలుస్తాడు. మా నాయన మగ్గం అమ్ముకున్న యేడు కూడా మొగోణ్ణి అంత దిగులుగా నేను చూడలేదు.

ఇట్లా ఉండంగా, పక్కింటి చెన్నమ్మ నిప్పు అడుక్కునేదానికి వచ్చింది. నేను పురుగులకు దారాలు కట్టేది చూసింది. నోటి మీద చెయ్యి పెట్టుకోని వెనక్కి వెనక్కి పోయింది. నిప్పు సంగతే మర్చిపోయింది. నేనూ ఏమనుకోలేదు. నేను మగ్గం తావకు, ఆయప్ప టీకి పోయిన సందులో, చెన్నమ్మ దొడ్డివాకిలి నుంచి మాయత్త తావకు దూరింది.

"నల్లమ్మత్తా, నీ కోడలు నల్ల పురుగులకు రంగు రంగుల దారాలు కడతాండాది. ఆదెప్పను ముందర కూర్చోబెట్టుకోని. మా పుట్టింటి పక్క ఇట్లనే కట్టినారు. ఆ ఇంట్లో మొగోడు నెల తిరక్కుండా..."

మాయత్త అది చేతబడి అనుకునింది నాయనా! తిండి లేని మనిషికి ఆ బలం యాడ్నుంచి వచ్చిందో. గోడ పట్టుకోని లేచి, పురుగుల తట్ట ఎత్తుకోని, దొడ్లోకి పోయి, బావిలోకి విసిరేసింది. నేను ఉరికొచ్చే తలికే తట్ట కూడా పోయింది. బావి ఒరను పట్టుకోని వగరుస్తాండె.

"ఏం చేస్తివి అత్తా!"

"ఉన్న ఒక్కణ్ణి కూడా మింగుదామనుకుంటివా? మూడుకాళ్ళ జీవాన్ని దేవుడు యాడన్నా పుట్టించినాడా? రెండుకాళ్ళు, నాలుగుకాళ్ళు. మూడుకాళ్ళది మంత్రగానిదే!"

"అది నీ పెద్దకొడుకు గొంతు అత్తా. గొంతు తెచ్చేదానికి."

ఆమెకు వినబడలేదు. కండ్లు తేలేసి నా మీద వాలిపోయింది. ఎత్తి చూస్తే దూదిమూట. మంచం మీద పడుకోబెట్టి మొగాన నీళ్ళు చల్లినా. కండ్లు తెరిచింది కానీ మాట రాలేదు.

మా ఆయన టీ తాగొచ్చినాడు. చెప్తి. అరుస్తాడనుకుంటి. అరవలేదు. ఒర మీద కూర్చోని నెత్తి పట్టుకున్నాడు. "మళ్ళీ బెంగళూరు పోయొచ్చే అంత సేపు అమ్మ ఉండదు ఓబులూ" అన్నాడు నాతో. 

బావిలోకి తొంగి చూసినా. ఎన్నేండ్లుగానో ఆ బావిని తిట్టుకుంటాంటి. నీళ్ళు పడలేదని, తవ్విన కూలి దండగని. ఆ పొద్దు మొదటిసారి దానికి దండం పెట్టినా. నీళ్ళుంటే అన్నీ మునిగిపోయి ఉండు. అడుగున నెర్రెలిచ్చిన బురద, ఎండు యాపాకు. ఆ ఆకుల్లో అక్కడక్కడ ఒక ఎర్ర చుక్క, ఒక పసుపు చుక్క.

"ఏమయ్యో, నా దారాలు కనబడతాండాయి! దిగు!"

రాతి మెట్లు పట్టుకోని ఇద్దరం దిగినాము. దారం లేకపోతే ఆ నల్లమట్టిలో నల్ల పురుగును ఏ కన్ను కనుక్కుంటాది? చేతబడి చేసిన దారమే చెయ్యి పట్టుకోని చూపించింది. ఏరి చెంగులో వేసుకున్నా. పచ్చవి ఒకటో రెండో నెర్రెల్లో దూరిపోయినాయి. ఇప్పటికీ అక్కడే ఉండాయేమో.

"చెక్కా మీటరూ గంపలో పెట్టి దించు" అన్నాడు ఆయప్ప. "ఎత్తు మీద నుంచి పడినాయి. చచ్చినాయో బతికినాయో ఈడనే చూద్దాం. చచ్చినవాటిని పైకి మోసేది దేనికి."

పైకెక్కి, దించి, మళ్ళీ దిగినా. మొదటిది తగిలిచ్చినాడు. ముల్లు లేచింది. బతికే ఉండాది. మేమిద్దరం దాన్నే చూస్తాండాము, ఎప్పటి మాదిరి పాకుతాదని. పాకలేదు. నిలబడింది. తీసి మళ్ళీ పెట్టినాడు. అదే గీత మీద నిలబడింది.

ఆయప్ప కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

"ఏమప్పా, పాకితే ఏడుస్తివి, నిలబడితేనూ ఏడుస్తావా?"

ఏలితో ఆ పురుగును పట్టుకున్నాడు. ముల్లు పాకింది. ఏలు తీసి, ఊదినాడు. నిమ్మళంగా దిగింది. "వేడి! ఓబులూ, వేడి! మనిషి ఏలు వేడికే ఇది ఎగుర్తాండాది, ఆ బండల కింద ఎట్ల నిలుస్తాది? పొద్దున కొలిచినదాన్ని, మద్యానం కొలిచినదాన్ని జోడు కట్టినాము మనం."

నాకు నవ్వొచ్చింది, ఆ కష్టంలోనూ. "తడి పట్టు రంగును ఎండిన పట్టు రంగుతో సరిచూసే మగ్గమోడు యాడన్నా ఉంటాడా? నన్ను అడిగుంటే చెప్పనా?"

"నువ్వూ పక్కనే కూర్చోని ముడులేస్తివి కదమ్మా తల్లీ" అన్నాడు. అదీ నిజమే.

ఆ బావి నీళ్ళియ్యలేదు, చల్లదనం ఇచ్చింది. అడుగున కూర్చోని, ముట్టుకోకుండా చిమటాతో పట్టి, అన్నింటినీ మళ్ళీ కొలిచినాము. పాత ముడులు కోసి కొత్త ముడులు వేస్తి. కడాకు రెండు దొరికినాయి. ముల్లు దీనికి యాడ నిలిచిందో దానికీ ఆడనే, వెంట్రుక వాసి తేడా లేదు. పైకి పోతే ఎండ తగుల్తాది కదా, ఒకదానికి ఎక్కువ ఒకదానికి తక్కువ తగలకుండా, రెండింటి వీపులూ ఆనించి నా ఎర్ర పట్టుపోగుతో గట్టిగా చుట్టమన్నాడు. ఎండైనా నీడైనా ఇద్దరికీ ఒకటే. చుట్టినా. ఆయప్ప అతికినాడు. పెండ్లి రికార్డు పెడితే రెండు ఎద్దులూ ఒక్క అడుగేసి నడిచినాయి.

మరుసటి పొద్దున, ఎండ ఎక్కక ముందే, మాయత్త మంచం పక్కన మిషను పెట్టినాము. గాలికి దుమ్ము పడకుండా తలుపు మూసినాము. మాయత్త కండ్లు ఆ డబ్బాలో ఎర్రదారం మీద పడినాయి. పెదాలు కదిలినాయి.

"మళ్ళీ దారమా?"

"చేతబడి కాదు అత్తా. ఈడూ జోడూ కుదిరినోళ్ళకు కంకణం కట్టినాము" అంటి. ఏమనుకునిందో, కసరలేదు.

ఒక్క తిప్పు. కుళ్ళాయప్పన్న మాట ఇద్దరి చెవుల్లోనూ ఉండాది. మా ఆయన మిషను చెయ్యి పైకెత్తినాడు. దించలేకపోయినాడు. "నువ్వు పెట్టు ఓబులూ. జరీపోగు అతికే చెయ్యి నీది." నేను సన్నముల్లును గాడిలోకి దించినా.

గరగర వచ్చింది.  మా ఆయన డబ్బా మీద మర రవ్వంత తిప్పినాడు. గరగర పల్చబడింది. చాటలో చెరిగితే పొట్టు పోయినట్ల పక్కకు పోయింది. అయినా పద్యం రాలేదు. హార్మోనియం ఒక్కసారి కుయ్యిమనింది. ఎవరో కుర్చీ జరిపినారు. ఇవన్నీ మేం ముందెప్పుడూ వినలేదు. మొద్దు ముల్లుకు ఈ సన్న సప్పుళ్ళు ఎప్పుడూ అందలేదు. తర్వాత ఒక దగ్గు. ఆ దగ్గుకే మాయత్త మోచేతుల మీద లేచింది.

"గొంతు ఎండిపోతాంది. రవ్వన్ని నీళ్ళియ్యప్పా."

బావ. నాటకంలో రాజు గొంతు కాదు, ఇంట్లో గొంతు. దొడ్డివాకిలి నుంచి వచ్చి చెంబు అడిగే గొంతు.

నేను మాయత్త మొగం చూడలేకపోయినా. చంపేస్తిమే అనుకుంటి. ఏ మాట ఆమె గుండెలో ముల్లయి ఉండాదో, ఆ మాటనే తెచ్చి చెవిలో పోసినామే అనుకుంటి. మా ఆయన చెయ్యి ముల్లు మీదికి పోయింది, తీసేద్దామని. మాయత్త ఆ చెయ్యి పట్టుకునింది.

డబ్బాలో ఇంకో గొంతు పలికింది, ఎవరో ముక్కూమొగం తెలీని మనిషి. "తాగన్నా. నిదానంగా తాగు, ఇంకా ఉండాయి." లోటా అంచు పంటికి తగిలిన సప్పుడు. గుటక. ఇంకో గుటక. ఆపకుండా లోటా ఖాళీ అయ్యేదాకా తాగినాడు బావ. మేము ముగ్గురం ఆ గుటకలు వింటా కూర్చున్నాము. తర్వాత "హా" అన్నాడు, కడుపు నిండినోడు అన్నట్ల.

హార్మోనియం ఎత్తుకుంది. పద్యంలో మొదటి మాట పైకి లేచింది.

"ఎత్తు" అనింది మాయత్త. "ముల్లు ఎత్తు."

"అమ్మా, పద్యం! ఇంక మళ్ళీ వినిపిస్తాదో లేదో..."

"పద్యం ఊరోళ్ళకు పాడినాడు. నీళ్ళు తాగింది నాకు. ఎత్తురా."

నేను ఎత్తేసినా. ఇల్లంతా సద్దణిగింది. మాయత్త కండ్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతాండాయి. "ఎవురురా ఆ పిల్లోడు? నీళ్ళిచ్చినోడు?"

"తెలీదమ్మా. మద్రాసాయన ఎవురో."

"వాని ఇల్లు చల్లగుండ."

అవి ఎన్నో ఏండ్ల కిందటి నీళ్ళని ఆమెకు తెలీదా? తెలుసు. తంగేడు చెట్ల కింద ఎవురూ పొయ్యలేదని కూడా తెలుసు. అయినా ఆ గుటకలు ఆమెకు చాలినాయి. ఎందుకు చాలినాయని నన్ను అడగద్దు. ఇప్పుడు ఆమె వయసు నాకొచ్చింది, ఇప్పటికీ చెప్పలేను. ఆ రేకు మళ్ళీ పెట్టలేదు మేము. పెట్టమని ఆమె అడగలేదు.

నా పక్కకు తిరిగింది. "నీళ్ళు తే."

చెంబు తెచ్చిచ్చినా. బావ తాగినట్లనే ఆపకుండా తాగింది. మూతి తుడుచుకోని, పొయ్యి పక్క చూసింది. నేను ఉరికి పోయి, సంగటి ముద్ద, ఊరుబిండి పెట్టి ముందర ఉంచినా. మా ఆయన గోడకు ఆనుకోని చూస్తాండాడు.

చిన్న తునక తుంచింది. ఊరుబిండిలో అద్దింది. నోట్లో పెట్టుకోని, నిదానంగా, పండ్లు లేని ఇగుర్లతో నమిలి మింగింది. నన్ను ఎగజూసింది.

"ఉప్పు తక్కువైందే" అనింది.